కర్ర ఎండాలి... మనిషి కాదు!

రోహిణి కార్తె. మధ్యాహ్నం రెండు గంటలు. కొండపల్లిలో ఓ ఇంటి వెనక రేకుల షెడ్డు. గోడ వారన చెక్కిన ఏనుగులు బారులు తీరి ఉన్నాయి. వాటి మీద అంబారీలు ఇంకా ఎక్కలేదు. నేలంతా రంపపు పొట్టు. ఓ మూల ముక్కాలి పీట వేసుక్కూర్చున్న ఆ ఇంటి ఇల్లాలు కుంచెను నల్లరంగులో ముంచి, ఏనుగు కంటి దగ్గరికి తెచ్చి ఆగింది. తలెత్తి పైకి చూసింది.

‘‘ఏవండీ, కాస్త ఫ్యాను ఆపండి.’’

ఆయన లేచి ఆపాడు. ఆ షెడ్డులో ఆ మాట కొత్తకాదు. ముప్ఫై ఏళ్లుగా రోజుకు పదిసార్లయినా వినిపించే మాటే. ఫ్యాను తిరిగితే నేలమీది పొట్టు లేస్తుంది. లేచింది లేచినట్టు ఊరుకోదు, పచ్చిగా ఉన్న రంగు మీద వాలుతుంది. దేవుడి బొమ్మ కంట్లో నలుసు పడితే ఇక ఆ బొమ్మను ఎవరూ కొనరు. అందుకే కళ్లు దిద్దాలన్నా, చీర అంచులు గీయాలన్నా ఫ్యాను ఆగాల్సిందే. ఎండ ఎంత ఉన్నా సరే!

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజు రోళ్ల మాటెలా ఉన్నా, ఆమె మాత్రం తట్టుకోలేకపోయింది. ఏనుగు రెండో కన్ను దిద్దకముందే కుంచె చేతిలోంచి జారింది. కోడలు పరుగెత్తుకొచ్చేసరికి పీట పక్కన ఒరిగిపోయి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, సెలైన్లు ఎక్కించారు. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. వచ్చీరాగానే ఆమె అడిగిన మొదటి మాట... ‘‘ఆ ఏనుగు ఆరిందా?’’

ఆ మాటకు ఇంట్లో అందరూ నవ్వారు. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ కర్ర ఆరిందా, సుద్ద ఆరిందా, రంగు ఆరిందా అని చూసుకున్నాడేగానీ, మనిషి సంగతేంటని ఒక్కనాడూ అడగలేదని ఆయనకు అప్పుడే తట్టింది.

దేని వాతావరణం దానిదే

కొండపల్లి బెజవాడకు పట్టుమని పాతిక కిలోమీటర్లుండదు. 2022లో జిల్లాల విభజన తర్వాత ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఒకపక్క ఖిల్లా ఉన్న కొండలు, మరోపక్క ఇబ్రహీంపట్నంలో 1979 నుంచీ కరెంటు పుట్టిస్తున్న థర్మల్ కేంద్రం. పగలంతా కాలిన కొండరాళ్లు రాత్రి దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. బెజవాడ ఎండలు చూసి వెనకటికి తెల్లదొరలు ‘బ్లేజ్‌వాడ’ అన్నారని చెప్పుకొంటారు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. అలాంటి ఊళ్లో ఇంట్లోనే పని, పనిలోనే ఇల్లు. బొమ్మల పనివాళ్లకు ఆఫీసు వేరు, ఇల్లు వేరు ఉండవు.

అయితే ఈ పనిలో చిక్కేమిటంటే, ఒక్కో దశకు ఒక్కో వాతావరణం కావాలి. తెల్లపొణికి మెత్తని కర్ర, తేలికైన కర్ర. నీటిని పీల్చుకోవడంలోనూ అంతే చురుకు. తేమ పూర్తిగా పోయేదాకా దాన్ని ఆరబెట్టి, సన్నటి సెగ మీద కాచుకోవాలి. తొందరపడి ఎర్రటి ఎండలో పడేస్తే పగులుతుంది. చెక్కిన చేతులూ కాళ్లూ తలా వేటికవి వేరుగా ఉంటాయి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆ మక్కు నిదానంగా ఆరాలి. దానిపైన సుద్ద పూత. అదీ ఆరాకే రంగు. చెక్కే చోట పొట్టు బయటికి పోవాలి. రంగు వేసే చోట గాలి కదలకూడదు. నూనె రంగులు వాడితే మాత్రం ఆ ఘాటు పోవడానికి గాలి ఆడాలి. ఇన్ని కోరికలూ ఒకే షెడ్డు కప్పు కింద!

ఇక వీటిలో మనిషి కోరిక ఎక్కడ? ఆ జాబితాలో మనిషి లేనేలేడు.

‘‘ఏసీ పెట్టిద్దాం నాన్నా’’

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న చిన్నకొడుకు తల్లి సంగతి తెలిసి రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చాడు. వచ్చినవాడు ఒకటే మాట పట్టుకున్నాడు. ‘‘ఏసీ పెట్టిద్దాం నాన్నా. డబ్బులు నేనిస్తా.’’

‘‘బొమ్మల షెడ్డుకి ఏసీ ఏంట్రా? ఊళ్లోవాళ్లు నవ్విపోతారు’’ అన్నాడు తండ్రి. అయినా కొడుకుతో కలిసి బెజవాడ వెళ్లాడు. ఏలూరు రోడ్డులో ఓ దుకాణం ఎక్కారు. అక్కడి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న... ‘‘గది ఎంతండీ?’’

‘‘నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు.’’

కుర్రాడు కాలిక్యులేటర్ తీశాడు. ఎనిమిది వందల చదరపు అడుగులు. సుమారు నూట యాభై అడుగుల గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి లెక్కేసుకున్నా అయిదారు మిషన్లు కావాలి. పైన స్లాబు కాదు, రేకులని తెలిశాక అవి కూడా చాలవేమోనన్నాడు. ఒక్కోటి రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే ఎనిమిది నుంచి పది యూనిట్లు కాలుతుంది. అయిదు ఏసీలంటే నెలకు పన్నెండు వందల యూనిట్ల పైమాటే. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది.

‘‘ఇంతకీ ఈ టన్ను అంటే ఏంటబ్బాయ్? దాని బరువా?’’ అని అడిగాడు పెద్దాయన.

బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి బయటికి తోడిపోసే శక్తిని ఒక టన్ను అంటారు. మంచుగడ్డలతో గదులను చల్లబరిచిన పాతకాలం నుంచి వచ్చిన కొలత అది. సంగతి విన్న పెద్దాయన కాసేపు లెక్కలు వేసుకుని, ‘‘అంటే రోజూ టన్నులకొద్దీ మంచుగడ్డ షెడ్డులో పెట్టుకున్నట్టన్నమాట. పైన రేకులు కాలుతుంటే కింద మంచు పోసుకోవడమేంట్రా, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు!’’ అన్నాడు.

ఆయన చమత్కారానికన్నట్టు అన్నా, అసలు విషయం ఆ మాటలోనే ఉంది. దానికితోడు ఏసీకి తలుపులు మూయాలి. మామూలు ఏసీ బయటి గాలిని తీసుకోదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. అంటే రంపపు పొట్టు, నూనె రంగుల ఘాటు అన్నీ లోపలే తిరుగుతుంటాయి. ఏసీ జాలీ వారం తిరక్కుండానే పొట్టుతో పూడుకుపోతుంది. ఊపిరితిత్తులకు అలా కడుక్కునే జాలీ కూడా ఉండదు. వానాకాలంలో కర్ర కాచుకోవడానికి షెడ్డు మూలనే పొట్టుతో సెగ పెట్టే అలవాటు ఆ ఇంట్లో ఉంది. తలుపులు మూసిన గదిలో ఆ సెగ ప్రాణాంతకం. రాజుకునే పొట్టు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించదు, వాసన రాదు.

తండ్రీకొడుకులు ఆ రోజు ఏసీ కొనకుండానే తిరిగొచ్చారు.

కూలరు చెప్పిన పాఠం

‘‘పోనీ కూలరు పెడదాం మావయ్యా’’ అంది కోడలు. పుట్టింటి నుంచి ఓ పెద్ద కూలరు తెప్పించింది. కిటికీకి ఆనించి, నీళ్లుపోసి స్విచ్ వేశారు. షెడ్డులో హాయి! పని చేస్తున్నవాళ్లంతా దాని ముందుకు చేరారు. కరెంటు కూడా రెండు మూడు ఫ్యాన్లకు అయ్యేంతే. కథ అక్కడితో సుఖాంతం అనుకున్నారు.

మే నెల వెళ్లింది. జూన్ మధ్యలో గాలి మారింది. అంతవరకూ పడమటి నుంచి వీచిన పొడి వడగాలి పోయి, సముద్రం వైపు నుంచి తేమగాలి మొదలైంది. అదే కూలరు, అవే నీళ్లు... కానీ చల్లదనం లేదు. జిడ్డుగా, ఉక్కగా ఉంది. సుద్ద పూత రెండు రోజులైనా ఆరలేదు. ఎండబెట్టి దాచిన కర్ర మళ్లీ చెమ్మగిల్లింది. అతికిన చేతులు కొన్ని ఊడొచ్చాయి. అల్మరాలో పెట్టిన బొమ్మల అడుగున తెల్లటి బూజు కనిపించింది.

కూలరు చెడిపోలేదు. అది పనిచేసే తీరే అంత. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు బాగా ఆవిరవుతుంది. బయట 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 25 శాతం ఉన్న రోజున మంచి కూలరు 30 డిగ్రీల దాకా గాలిని చల్లబరచగలదు. అదే 36 డిగ్రీల ఎండలో తేమ 60 శాతం ఉంటే 31 దగ్గరే ఆగిపోతుంది. పైగా గదిని తడిపేస్తుంది. కర్రకు ఈ లెక్క ఇంకా బాగా తెలుసు. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు ఎండిన కర్ర తన బరువులో సుమారు ఆరు శాతం నీటిని దాచుకుంటుంది. తేమ 80 శాతానికి చేరితే అది 15 శాతం దాటుతుంది. కర్ర ఉబ్బుతుంది, తగ్గినప్పుడు కుంచించుకుంటుంది. మధ్యలో మక్కు అతుకు నలిగిపోతుంది.

ఆ నష్టం చూసి పెద్దాయన మళ్లీ మొదటికొచ్చాడు. ‘‘మన పనికి ఏవీ పడవురా. మా నాన్న ఏ కూలరు పెట్టుకుని బొమ్మలు చేశాడు?’’

అప్పుడు మాట్లాడింది ఇల్లాలు. ఆమె మామూలుగా ఇలాంటి విషయాల్లో తలదూర్చదు. ‘‘మావయ్యగారు చేసింది ఈ షెడ్డులో కాదుగా. పాత పెంకుటింట్లో. దానికి అటక ఉండేది.’’

అటక మీద జవాబు

ఆ ఒక్కమాటతో ఆయనకు చిన్నతనం కళ్లముందు మెదిలింది. పెంకుల కింద దూలాలు, దూలాల మీద చెక్కలు పరిచిన అటక. కొండ మీంచి వచ్చిన తెల్లపొణికి ముక్కల్ని ఆ అటక మీదే పేర్చేవాడు తండ్రి. నెలల తరబడి అవి అక్కడే ఉండేవి. పెంకుల వేడికి నిదానంగా, పగలకుండా ఎండేవి. వేడి అక్కడే ఆగిపోయేది కాబట్టి కింద కూర్చున్నవాళ్లకు సెగ తెలిసేది కాదు. మండువేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు. వానలు మొదలవగానే విప్పేసేవారు. కూలరు చేసే పనీ అదే. ఎప్పుడు తీసేయాలో కూడా వాళ్లకు తెలుసు!

పెంకుటిల్లు పాడై దాని స్థానంలో సిమెంటు రేకుల షెడ్డు వచ్చినప్పుడు, అటక పోయిందని ఎవరూ అనుకోలేదు. జాగా కలిసొచ్చిందనుకున్నారు.

బందరు దగ్గర పెడన వెళ్తే నేతగాళ్లది సరిగ్గా తిరగేసిన కథ. వాళ్లకు పొడిగాలి శత్రువు. నూలు ఆరిపోతే పోగు పుటుక్కున తెగుతుంది. అందుకే గుంట మగ్గం. నేలలోని చెమ్మ నూలుకు అందేలా గుంత తీసి కూర్చుంటారు. ఇక్కడ కర్రకు పొడి కావాలి కాబట్టి దాన్ని అటకెక్కించారు. అక్కడ నూలుకు తడి కావాలి కాబట్టి మగ్గాన్ని నేలలోకి దించారు. ఏ మిషనూ లేని రోజుల్లో పనికి తగ్గట్టు చోటును ఎంచుకున్నారు. మనం చోటును మరిచిపోయి మిషన్‌ను ఎంచుకుంటున్నాం.

దసరా వెళ్లాక పని మొదలుపెట్టారు. ముందు కప్పు. రేకుల మీద నాచు కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయించారు. తెల్లటి కప్పు ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. ఇంటి లోపల రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా వేడి తగ్గుతుందని చెబుతారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. అయితే వానకు సున్నం కొంత కొట్టుకుపోతుంది, ఏటా వేసవికి ముందు మళ్లీ వేసుకోవాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అందుకే రేకులకు కొత్తగా చిల్లులు పెట్టొద్దని, కడిగేటప్పుడు పొడిగా గీకొద్దని కొడుకు మేస్త్రీకి మరీమరీ చెప్పాడు.

తర్వాత అటక. గోడల మీద ఆనేలా సరుగుడు దుంగలు వేసి, వాటిపై వెదురు తడకలు పరిచారు. రెండు చివర్లా పైన జాలీ కిటికీలు పెట్టి వేడిగాలి బయటికి పోయే దారి ఇచ్చారు. కర్ర మొత్తం పైకెక్కింది. వానాకాలంలో కాచే సెగను షెడ్డులోంచి తీసేసి పెరట్లో విడిగా ఓ పంచ కిందికి మార్చారు. మనిషికి పనికిరాని వేడి కర్రకు పనికొచ్చింది. కర్రకు కావాల్సిన సెగ మనిషికి దూరంగా జరిగింది.

చివరికి షెడ్డును రెండుగా విడదీశారు. చెక్కే వైపు గోడ ఫ్యాన్లు, పొట్టును బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అందుకని మే నెలలో చెక్కే పని తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా కట్టేయాలని నిర్ణయం.

రంగుల కోసం మాత్రం నూట ఇరవై అడుగుల చిన్న గది కట్టారు. పైన తెల్లటి సీలింగు, తలుపుకు పొట్టు రాకుండా పరదా. నీటి రంగుల పని ఆ గదిలో. నూనె రంగులైతే పొద్దున్నే వరండాలో, గాలి ఆడేచోట. గదికి ఏం పెట్టాలన్న దగ్గర మళ్లీ పంచాయితీ వచ్చింది. ఫ్యాను పెడితే దుమ్ము. కూలరు పెడితే తడి. మిగిలింది ఏసీ. ఒక టన్నుది ఒక్కటి చాలు. గాలిలోని తేమను కూడా తీసేస్తుంది కాబట్టి వానాకాలంలో సుద్ద ఆరడానికీ పనికొస్తుంది. గాలి నేరుగా బొమ్మ మీద కొట్టకుండా రెక్కను పైకి తిప్పుకుంటే సరి.

‘‘అయిదు ఏసీలు అక్కర్లేకపోయినా ఒకటి తప్పదన్నమాట’’ అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో ఇంకా గునుపు ఉంది. ‘‘కర్ర కోసమంటే ఎంతైనా పెడతాం. కానీ...’’

ఆ ‘కానీ’ దగ్గర ఆయన ఆగిపోయాడు. కానీ తర్వాత ఉన్నది ఎదురుగా కూర్చుని చింతగింజలు ఏరుతున్న మనిషి. ఆమె తలెత్తలేదు. కోడలు కూడా ఏమీ అనలేదు. కాసేపటికి ఆయనే లేచి, కొడుక్కి ఫోన్ చేశాడు. ‘‘ఒరేయ్, నువ్వు డబ్బులు పంపొద్దులే. నేను కొంటా. ఏది బాగుంటుందో అది మాత్రం చెప్పు.’’

గోడకు వేడీ తేమా రెండూ చూపించే చిన్న మీటరు తగిలించారు. పక్కింటి రేకుల షెడ్డుకూ వీళ్లదానికీ ఈ వేసవిలో మధ్యాహ్నం పూట నాలుగు డిగ్రీల తేడా కనిపించింది. అది ఏసీ లేని చెక్కే వైపు సంగతి. ఆ మీటరు చూడ్డానికే ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి వెళ్తున్నారు. వచ్చినవాళ్లు ముందుగా ‘ఏసీ ఎంతయింది’ అని అడుగుతారు. పెద్దాయన వాళ్లను ముందు బయటికి తీసుకెళ్లి కప్పు చూపిస్తాడు. ఆ తర్వాత అటక. చివర్లోనే ఏసీ.

మొన్న రోహిణి కార్తెలోనూ ఏనుగులు బారులు తీరాయి. పదకొండు దాటాక చెక్కడం ఆపేసి, కాస్త చల్లగా ఉంటుందని ఆయన రంగుల గది తలుపు తోశాడు. లోపల ఆమె ఏనుగు కన్ను దిద్దుతోంది. చూపు బొమ్మ మీంచి తిప్పకుండానే అంది...

‘‘ఒంటిమీది పొట్టు దులుపుకుని రండి. లేదంటే అక్కడే ఉండండి.’’

ఆయన బుద్ధిగా వరండాలోకి వెళ్లి, కండువా తీసి దులుపుకోవడం మొదలుపెట్టాడు.